క్రాప్రెడీకి వెళ్తే గది తీసుకోకండి, పొలంలోనే పడుకోండి

ముందే చెప్పేస్తున్నా. ఇంగ్లండ్‌లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బ్యాండ్ ఏటా జరిపే క్రాప్రెడీ సంగీతోత్సవానికి వెళ్లాలని ఉంటే, దగ్గర్లోని బ్యాన్‌బరీ పట్నం చుట్టుపక్కల గదుల కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. టెంట్ కొనుక్కోండి. కొనలేకపోతే ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి. గది పేరుతో మా దగ్గర 420 పౌండ్లు లాగారు. మూడు రాత్రుల్లో మేం అక్కడ సరిగ్గా పడుకున్నది ఒక్క రాత్రి కూడా లేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. కానీ ఆ పొలంలో మనుషులు మమ్మల్ని చూసుకున్న తీరు తలుచుకుంటే మనసు నిండిపోతుంది. ఈ రెండూ చెప్పాలనే రాస్తున్నా.

బ్యాండ్ గురించి తెలియనివాళ్లకు కాస్త. 1967లో లండన్‌లో మొదలైంది. ఇంగ్లండ్ పల్లెల్లో తరతరాలుగా పాడుకున్న కథాగేయాలకు ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్ జోడించి పాడారు. 1969లో వచ్చిన 'లీజ్ అండ్ లీఫ్' ఆల్బమ్‌తో ఆ బాణీకి పెద్ద పేరొచ్చింది. పదేళ్లకు ఇక ఆపేద్దామనుకున్నారు. 1979 ఆగస్టు 4న పగలు నెబ్‌వర్త్‌లో, లెడ్ జెప్పెలిన్ అనే పెద్ద రాక్ బ్యాండ్ వాయించాల్సిన వేదిక మీదే వాయించి, అదే రోజు క్రాప్రెడీకి వచ్చి వీడ్కోలు కచేరీ చేశారు. మరుసటి ఏడాది మళ్లీ అక్కడే కలిశారు. 1981లో మాత్రం బ్రాటన్ క్యాసిల్‌కి మారారు, ఆ తర్వాత మళ్లీ క్రాప్రెడీనే. కోవిడ్ వల్ల 2020, 2021లో జరగలేదు. ఆగస్టులో, గురువారం నుంచి శనివారం దాకా మూడు రోజులు ఉంటుంది. గత ఏళ్లలో 20,000 మంది దాకా వచ్చిన పండగ ఇది. క్రాప్రెడీ ఊరి జనాభా చూస్తే వెయ్యి కూడా లేదు.

మేం ముగ్గురం వెళ్లాం. అక్క, బావగారు, నేను. బావగారు చిన్నప్పుడు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నారు. ఈ బ్యాండ్‌లో రిక్ శాండర్స్ ఫిడిల్ అంటే ఆయనకు ప్రాణం. అక్కకు ఈ సంగీతంతో ఏ సంబంధమూ లేదు, ఆయన కోసం వచ్చింది. లండన్ మేరిల్‌బోన్ నుంచి బ్యాన్‌బరీకి రైల్లో గంట చిల్లర, అక్కణ్నుంచి బస్సు. ప్రయాణంలో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది గదితో మొదలైంది. జనవరిలో బుక్ చేసినప్పుడు రాత్రికి 95 పౌండ్లు, ముగ్గురికి మూడు మంచాలు, టిఫిన్ కలిపి, 24 గంటలూ రాకపోకలకు వీలు. ఇదంతా రాసి ఉంది, నా దగ్గర కాపీ ఉంది. జులైలో గది యజమాని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: ధర పొరపాటున తక్కువ పెట్టాం, రాత్రికి 140 ఇవ్వండి, లేదంటే రద్దు చేసుకోండి అని. నెల ముందు ఆ వారాంతానికి చుట్టుపక్కల ఎక్కడా గది దొరకదని ఆయనకు బాగా తెలుసు. మాకూ తెలుసు. కట్టాం.

గురువారం రాత్రి కచేరీ అయ్యాక టాక్సీ కోసం చాలాసేపు నిలబడ్డాం. పెద్ద దూరమేమీ లేదు గానీ 32 పౌండ్లు తీసుకున్నాడు. పన్నెండుకు ఇరవై నిమిషాల ముందు చేరేసరికి వీధి తలుపుకి తాళం. బెల్ కొట్టాం, ఫోన్ చేశాం. ఫోన్ స్విచాఫ్. ఆగస్టే అయినా అక్కడ రాత్రిపూట చలి గట్టిగానే ఉంటుంది, అక్క మీద పల్చటి చున్నీ తప్ప ఏమీ లేదు. ముప్పావు గంటకి ఆయన నైట్‌గౌన్‌లో వచ్చి తలుపు తీసి, "పదకొండు తర్వాత లోపలికి రానివ్వం, గది తలుపు వెనక రాసి ఉంది కదా" అన్నాడు. గది తలుపు వెనక రాసింది బుక్ చేసుకునేవాళ్లకు ఎలా కనిపిస్తుంది? ఆలస్యానికి 20 పౌండ్లు అదనంగా అడిగాడు. బావగారు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రాత్రి పెంచారు. 20 ఇవ్వలేదు.

మూడో మంచం అన్నది మడతపెట్టే కుర్చీ. నేను దాంట్లో నడుం వంచి పడుకున్నాను. పొద్దున టిఫిన్ అంటే చిన్న డబ్బాలో కార్న్‌ఫ్లేక్స్, పాల ప్యాకెట్టు. ముగ్గురికి స్పూన్లు రెండు. "ఏవండీ, ఇంకో రాత్రి ఇక్కడ ఉండేది లేదు. మీ టెంటే నయం" అంది అక్క.

మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడానికి పనికొస్తుందని బావగారు క్యాంపింగ్ టికెట్లు కూడా తీసుకున్నారు. ఆయన తెచ్చిన టెంట్ చాలా చిన్నది. శుక్రవారం ఉదయం మేం సామానుతో పొలంలోకి వెళ్లి మేకులు దిగక అవస్థ పడుతుంటే పక్క టెంట్ ఆవిడ సుత్తి పట్టుకుని లేచొచ్చింది. యార్క్‌షైర్ నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్, భర్త కూడా టీచరే. చాలా ఏళ్లుగా వస్తున్నారట. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి టెంట్‌ని తిప్పించింది. రాత్రి గది సంగతి విని, ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి ముగ్గురికీ టీ పెట్టి తెచ్చింది. సాయంత్రానికల్లా మా వరసలో అందరికీ మా కథ తెలుసు. ఒకాయన అదనపు స్లీపింగ్ బ్యాగ్ ఇచ్చాడు. టీచరమ్మ రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి, దాన్ని మందపాటి ఉన్ని మేజోడులో దూర్చి అక్క చేతికిచ్చింది. కాళ్ల దగ్గర పెట్టుకో, తెల్లారేదాకా వెచ్చగా ఉంటుంది అని. నిజంగానే ఉంది. అక్క ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

ఇక అక్కడి పద్ధతులు. ఒకే పొలం, ఒకే వేదిక. ఒక కచేరీ వింటుంటే ఇంకొకటి పోతోందన్న టెన్షన్ ఉండదు. పొలం వేదిక వైపు వాలుగా ఉంటుంది కాబట్టి వెనక కూర్చున్నా కనిపిస్తుంది. పొద్దున్నే గేటు తీయగానే జనం మడత కుర్చీలు తెచ్చి వేసేసి ఊళ్లోకి వెళ్లిపోతారు. సామాను పోతుందన్న భయం ఎవరి ముఖంలోనూ కనిపించలేదు. ఖాళీ కుర్చీ ఉంటే ఎవరైనా కూర్చోవచ్చు, దాని మనిషి వస్తే లేవాలి, అంతే. మాకు కుర్చీలు లేవు. నేనూ అక్కా ఎవరివో కుర్చీల్లో గంటసేపు కూర్చున్నాం. సొంతదారు వచ్చాడు. మేం లేవబోతే, "ఈ పాట అయ్యేదాకా కూర్చోండి" అని పక్కన గడ్డి మీద కూర్చున్నాడు.

ఇంకోటి, జెండాలు. అంతమందిలో మనవాళ్లు ఎక్కడున్నారో తెలియాలి కదా. పొడుగాటి కర్రలకు రకరకాల జెండాలు, గాలి బొమ్మలు కట్టి పాతుతారు. తెల్ల బాతు జెండాకి రెండు వరసల వెనక మా చోటు. మూడు రోజులూ అదే మా చిరునామా అయింది. వెనక ఉన్నవాళ్లకు అడ్డు రాకుండా జెండాలు ఎక్కడ పాతాలో పాతవాళ్లకు తెలుసు, కొత్తవాళ్లకు నెమ్మదిగా చెప్తారు.

గురువారం సాయంత్రం మొదటి కచేరీ ఫెయిర్‌పోర్ట్ వాళ్లదే, చిన్నది, అకూస్టిక్ (ఎలక్ట్రిక్ గిటార్లు లేకుండా). శనివారం రాత్రి చివరి కచేరీ కూడా వాళ్లదే, అది రెండున్నర గంటలకు తక్కువ కాదు. మధ్యలో రకరకాల బృందాలు. కొన్ని బాగున్నాయి, శుక్రవారం మధ్యాహ్నం ఒక బృందం మాత్రం నాకు నిద్ర తెప్పించింది. ఆ సమయంలో ఊళ్లోకి వెళ్లండి. ఆక్స్‌ఫర్డ్ కాలువ ఊరి పక్క నుంచే పోతుంది, ఇరుకు పడవల్లో కాపురం పెట్టి వచ్చిన అభిమానులు గట్టు పొడవునా ఉంటారు. బ్రేజ్‌నోజ్ ఆర్మ్స్, రెడ్ లయన్ అని రెండు పబ్బులు, రెంటి దగ్గరా పాటలే. ఊరి వంతెన దగ్గర 1644 జూన్ 29న ఒకటో చార్ల్స్ రాజు సైన్యానికీ పార్లమెంటు సైన్యానికీ యుద్ధం జరిగింది. దాని మీద రాల్ఫ్ మెక్‌టెల్ రాసిన 'రెడ్ అండ్ గోల్డ్' పాటను ఫెయిర్‌పోర్ట్ వాళ్లు 1989లో అదే పేరున్న ఆల్బమ్‌లో తెచ్చారు. ఆ పాట తెలిసినవాళ్లు వంతెన మీద కాసేపు ఆగకుండా పోరు.

పొద్దున టిఫిన్ మాత్రం ఊళ్లోనే చేయండి. అక్కడి సంఘాలవాళ్లు, క్లబ్బులవాళ్లు హాల్లో బల్లలు వేసి వండి పెడతారు, వచ్చిన డబ్బు ఊరి పనులకే. మేం 9 పౌండ్లకు గుడ్లు, వేయించిన పుట్టగొడుగులు, టొమాటోలు, బీన్స్, రొట్టె తిన్నాం. మాంసం లేకుండా కావాలంటే విసుక్కోకుండా వేరే పెనం మీద చేసి ఇచ్చారు. గదిలో ఆ కార్న్‌ఫ్లేక్స్ తిన్న మర్నాడు అది తింటుంటే అక్క ముఖంలో కళ వచ్చింది. మైదానంలో తిండి ఖరీదెక్కువ: ఒక 'పై' (లోపల కూర పెట్టి కాల్చిన రొట్టె లాంటిది) 11, కాఫీ 4 పౌండ్లు. కాఫీ అస్సలు బాగాలేదు.

సంతకాల టెంట్ ఒకటి ఉంటుంది, వాయించినవాళ్లు దిగి వచ్చి అక్కడ కూర్చుంటారు. బావగారు సిడీ పట్టుకుని వరసలో నిలబడి, తిరిగొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత శనివారమంతా నాకు ఫిడిల్ గురించే చెప్పారు. బ్యాండ్‌లోనే ఉన్న క్రిస్ లెస్లీ కూడా ఫిడిల్ అందుకుని ఇద్దరూ కలిసి వాయించినప్పుడు ఎవరి కమాను ఏ స్వరం తీస్తోందో చూడమని చెయ్యి పట్టి లాగారు.

శనివారం రాత్రి అసలైన ఘట్టం. చివరికి ముందు 'మ్యాటీ గ్రోవ్స్' అనే పాత కథాగేయం. ప్రభువు భార్య, ఆమె ప్రియుడు, కత్తులు, రెండు చావులు. పంతొమ్మిది చరణాలున్నా ఎవరూ కాగితం చూడకుండా పాడతారనిపించింది, చుట్టూ అన్ని గొంతులు. ఆ తర్వాత 'మీట్ ఆన్ ది లెడ్జ్'. ఇది లేకుండా క్రాప్రెడీ ముగియదు. బ్యాండ్ తొలినాళ్ల గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ ఇరవై ఏళ్లు నిండకముందే రాసిన పాట. అది వచ్చిన కొన్నాళ్లకే, 1969 మేలో, బర్మింగ్‌హామ్‌లో కచేరీ ముగించి వస్తుంటే బ్యాండ్ వ్యాన్ ప్రమాదానికి గురై డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. అతనికి 19 ఏళ్లు. తర్వాత 1978లో గాయని శాండీ డెనీ పోయింది. చాలా ఏళ్లు డ్రమ్స్ వాయించిన జెర్రీ కాన్వే 2024లో పోయాడు. పోయినవాళ్లను తలుచుకుంటూ పాడే పాటగా అది మారిపోయింది. బ్యాండ్ వాళ్లనే కాదు, ఎవరికి వాళ్లు తమవాళ్లను.

మా పక్క గుంపులో మూడు రోజులూ ఒక కుర్చీ ఉంది. పగలు ఎవరు కూర్చున్నా ఏమీ అనలేదు, నేనూ కూర్చున్నాను. ఈ పాట మొదలవబోతుండగా టీచరమ్మ దాన్ని ఖాళీ చేయించి, దాని మీద వెడల్పాటి గడ్డిటోపీ పెట్టింది. ఏళ్ల తరబడి వాళ్లతో వచ్చిన స్నేహితురాలిదట. పాట ఎత్తుకోగానే అందరూ లేచి, పక్కవాళ్ల భుజాల మీద చేతులు వేసుకుని పాడారు. తిరువయ్యారులో పంచరత్న కీర్తనలప్పుడు విద్వాంసుడూ శిష్యుడూ ఒకే గొంతుగా పాడతారే, అలాంటి పాట అది. అక్కకు ఒక్క ముక్క రాదు. అయినా ఊగుతూ ఏడ్చేసింది. ఈ పాటప్పుడు ఫోన్ తీసి వీడియో పట్టుకోకండి. చుట్టూ ఎవరూ పట్టుకోలేదు.

ఆదివారం మిగిలిన సామాను కోసం గదికి వెళ్తే, యజమాని వాడని రెండు రాత్రుల డబ్బు ఇవ్వనన్నాడు. బుకింగ్ సైట్‌కి ఆ పాత కాపీ, జులై మెసేజ్ రెండూ పంపాను. మూడు వారాలు తిప్పి, పెంచిన 135 పౌండ్లు మాత్రం వెనక్కి ఇచ్చారు. మిగతాదానికి ఇంకా రాస్తూనే ఉన్నాను.

పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్తూ గది తప్పదనుకునేవాళ్లు రాత్రి ఎన్ని గంటలదాకా తలుపు తీస్తారో డబ్బు కట్టకముందే రాతలో తెప్పించుకోండి. శనివారం కచేరీ అర్ధరాత్రికి గానీ అవ్వదు, తిరుగు టాక్సీ పగలే మాట్లాడి పెట్టుకోండి. టెంట్‌లో ఉండేవాళ్లు స్లీపింగ్ బ్యాగ్, రెయిన్‌కోటు, బూట్లు, మడత కుర్చీ తప్పకుండా పట్టుకెళ్లండి. రెండు కుర్చీలు ఎక్కువ తీసుకెళ్లినా మంచిదే, కూర్చునేవాళ్లు దొరుకుతారు.