స్పాటింగ్ ఎర్రర్స్ బిట్ బ్యాంక్ కొనేముందు కీ తెరిచి చూడండి

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ), బ్యాంకు పరీక్షలకు చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జాగ్రత్త. శ్రీకాకుళం, విజయనగరంలో స్పైరల్ బైండింగ్ వేసిన ఇంగ్లిష్ గ్రామర్ బిట్ బ్యాంక్ (వాక్యంలో తప్పున్న భాగాన్ని పట్టే 'స్పాటింగ్ ఎర్రర్స్' ప్రశ్నల పుస్తకం) ఒకటి 250 రూపాయలకు అమ్ముతున్నారు. పబ్లిషర్ పేరు ఉండదు, బిల్లు ఇవ్వరు. కీ, అంటే జవాబుల పట్టిక నిండా తప్పులే.

'వన్ ఆఫ్ మై కజిన్స్ లివ్ ఇన్ పాలకొండ' అన్న వాక్యానికి కీలో 'నో ఎర్రర్' అని ఉంది. అక్కడ కర్త కజిన్స్ కాదు, వన్. లివ్స్ రావాలి. 'ది కలెక్టర్, యాజ్ వెల్ యాజ్ ది తహసీల్దార్స్, వర్ ప్రెజెంట్' కూడా సరైనదేనట! యాజ్ వెల్ యాజ్ వచ్చినప్పుడు క్రియ మొదటి కర్తను బట్టే ఉంటుంది కాబట్టి వాజ్ రాయాలి. 'నన్ ఆఫ్ దెమ్ ఆర్ రెడీ'ని మాత్రం తప్పన్నారు. అక్కడ ఈజ్, ఆర్ రెండూ చెల్లుతాయి.

వీటికంటే ప్రమాదం ఇంకోటుంది. వాక్యంలో తప్పే ఉండదు, కీ మాత్రం తప్పు 'సి' భాగంలో ఉందంటుంది. 'నో సూనర్' ప్రశ్న చూడండి. తప్పు పట్టమని ఇచ్చే బిట్టు కాబట్టి 'సి' భాగంలో తప్పు మాట 'వెన్' ఉండాలి, పుస్తకంలో సరైన 'దేన్' ఉంది. డీటీపీ చేసేటప్పుడు కంప్యూటర్ తప్పు కింద నీలం గీత పెడితే సరిచేసేసి, కీ పాతదే ఉంచేసినట్టున్నారు. చదివేవాళ్లు దేన్ తప్పనుకుని అదే బుర్రలో పెట్టుకుంటారు. ఎస్సెస్సీ డిగ్రీవాళ్లకు పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టైర్-1లో ఇంగ్లిష్ ప్రశ్నకు 2 మార్కులు, తప్పు జవాబుకు 0.50 కోత. అంటే ఒక్క బిట్టు దగ్గరే రెండున్నర మార్కుల తేడా.

కొట్టు దగ్గరే మూడు చూడండి: సీనియర్ తర్వాత దేన్ కాదు, టు, హార్డ్లీ తర్వాత వెన్, యెస్టర్‌డే ఉన్నచోట 'హావ్ రిసీవ్డ్' కాదు, 'రిసీవ్డ్'. ఒక్కటి తేడా ఉన్నా పుస్తకం అక్కడే పెట్టేయండి. సీలు కవరు విప్పనివ్వకపోతే అసలు కొనొద్దు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఫోన్లో గ్రామర్ చెకర్‌ను నమ్ముకుని కీ దిద్దుకోవద్దు. గీత పడలేదంటే తప్పు లేదని కాదు. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఉచితమే. 'డిస్కస్' దగ్గర అబౌట్ రాదని అందులో విడిగా రాసి ఉంటుంది. ప్రశ్నలు ఉంచుకోండి, కీ పేజీలు చించేసి, ఎస్సెస్సీ పాత పేపర్లలోంచి తీసుకున్న ప్రశ్నలైతే ఎస్సెస్సీ తన వెబ్‌సైట్‌లో పెట్టే ఫైనల్ కీతో పోల్చుకోండి.