అశోక్‌నగర్ స్టడీ హాల్: 14 నెలలు కూర్చుని లేచాక రాస్తున్న రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్తా, 5కి మూడున్నర. తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగాల పరీక్ష కోసం హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లో ఉన్న ఈ హాల్లో మొత్తం 14 నెలలు కూర్చున్నాను, అదీ ఒకే విడతలో కాదు, ఎందుకో కింద చెప్తాను.

నాన్ ఏసీ క్యాబిన్ నెలకు 1,200, ఏసీ అయితే 1,800, లాకర్‌కి ఇంకో 150. క్యాబిన్ అంటే మరీ ఊహించుకోకండి. ప్లైవుడ్ అడ్డం పెట్టిన బల్ల, ట్యూబ్‌లైటు, ప్లగ్ పాయింట్, గట్టి కుర్చీ. నేను ఇంటి నుంచి పాత బొంత తెచ్చి మడిచి వేసుకున్నాను. లైబ్రరీలో పైసా ఖర్చు లేదు కానీ పొద్దున్నే వెళ్లకపోతే కుర్చీ దొరకదు, మూడు వారాలు బయట చెట్టు కిందే చదివి, వానొచ్చిన రోజు ఇక్కడ చేరాను.

మా ఊరు నాగర్‌కర్నూల్ దగ్గర. రెండు గదులు, ఆరుగురం. నాయినది మేస్త్రీ పని. టీవీ ఉన్న గదిలోనే అన్నం, నిద్ర, చుట్టాలు. డిగ్రీ దాకా నేను చదివిందంతా అందరూ పడుకున్నాక, అది కూడా అమ్మ "లైటు ఆర్పవే" అనేదాకా. 26 ఏళ్లొచ్చాక మొదటిసారి నాదంటూ ఒక బల్ల, రాత్రి తెరిచి పెట్టిన పుస్తకం పొద్దున వచ్చేసరికి అదే పేజీ దగ్గర ఉండటం, ఎవరూ కదపకపోవడం... ఒక స్టార్ దీనికే.

పక్క క్యాబిన్ అమ్మాయి వాళ్ల నాన్న లెక్చరర్. నల్లకుంటలో సొంత ఫ్లాటు, తనకి విడిగా గది. మరి ఇక్కడెందుకమ్మా అంటే "ఇంట్లో నిద్రొస్తుంది అక్కా, ఇక్కడైతే నలుగుర్నీ చూసి చదవాలనిపిస్తుంది" అంది. నేను చోటు లేక వచ్చాను, తను చోటు ఎక్కువై వచ్చింది, ఫీజు మాత్రం ఇద్దరికీ 1,200. మంచి పిల్ల, నోట్స్ అడిగితే ఒక్కసారి కూడా కాదనలేదు. కానీ ఎకానమీలో ఏదైనా అర్థం కాకపోతే తను మెట్ల మీదికెళ్లి నాన్నకి ఫోన్ చేసి పది నిమిషాల్లో తేల్చుకుని వస్తుంది, నేను యూట్యూబ్‌లో గంటన్నర వెతుకుతాను. మా ఇంటికి ఫోన్ చేస్తే తిన్నావా అని అడుగుతారు. ఏ పుస్తకం కొనక్కర్లేదో చెప్పేవాళ్లు లేక మూడు దండగ పుస్తకాలు కొన్నాను కూడా.

అసలు దెబ్బ వాయిదాలది. 783 పోస్టులకి నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది, పరీక్ష జరిగింది 2024 డిసెంబర్ 15, 16న. మధ్యలో ఆగస్టు అన్నారు, నవంబర్ అన్నారు, జనవరి అన్నారు, మళ్లీ ఆగస్టు అన్నారు. (మొదటిసారి గురుకుల టీచర్ పోస్టుల పరీక్షలతో కలిసి వచ్చిందని వాయిదా వేయమన్న వాళ్లలో నేనూ ఉన్నాను, దాచను.) వాయిదా పడ్డ ప్రతిసారీ పక్క క్యాబిన్‌కి ఇంకో రివిజన్, నాకేమో ఇంకో నెల ఫీజు, 5,500 హాస్టల్, మధ్యాహ్నం 5 రూపాయల అన్నపూర్ణ భోజనం. రెండోసారి పడ్డప్పుడు ఇంట్లో అడగడానికి మొహం చెల్లక ఊరెళ్లి ప్రైవేటు స్కూల్లో 9,000కి చేరాను. ఎనిమిది నెలలు ఎక్కాలు చెప్పి తిరిగొచ్చేసరికి చదివిందాంట్లో సగం పోయింది, గోడ పక్క క్యాబిన్ కూడా పోయింది. బాత్‌రూమ్ పక్కది ఇచ్చారు.

ర్యాంకుల్లో తను నాకంటే చాలా పైన ఉంది. కష్టపడలేదని అనను, పక్కనే కూర్చుని చూశాను కదా.

ఇక బోర్డు మీద 24 గంటలు అని ఉంటుంది, హాస్టల్ గేటు తొమ్మిదిన్నరకే వేసేస్తే ఆడపిల్లలకి దానితో ఏం పని? ఫీజులో తగ్గింపేం లేదు. వాటర్ క్యాన్ మధ్యాహ్నానికే ఖాళీ. ఓనరన్న మాత్రం మంచోడు, పదో తారీఖు దాటినా "నాయిన పైసలు పంపినంక ఇయ్యి చెల్లె" అనేవాడు.

చేరేవాళ్లు గోడ వైపు అడగండి, అడ్వాన్స్‌కి రసీదు తీసుకోండి, నాది 500 ఇంకా రావాలి. బొంత అక్కడే వదిలేసి వచ్చాను, 41 నంబర్ క్యాబిన్ ఎవరికొస్తే వాళ్లు వాడుకోండి.