లాగింగ్ లైబ్రరీకి డబ్బు కట్టబోతున్నారా? ముందు మీ యాప్‌ను మీరే చంపి చూడండి

మొబైల్‌కీ డెస్క్‌టాప్‌కీ కలిపి ఒకే లాగింగ్ లైబ్రరీ (యాప్‌లో ఏం జరుగుతోందో ఫైల్లో లైన్లుగా రాసిపెట్టే రెడీమేడ్ కోడ్) అన్న ప్రకటన చూసి లైసెన్స్ కొనబోతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. మేం అలాగే కొన్నాం, ఏడాది పాటు అవస్థ పడ్డాం. కంపెనీ పేరు రాయను. మీరు ఎవరి దగ్గర కొన్నా ఇవే ప్రశ్నలు అడగాలి.

మా యాప్ ఆండ్రాయిడ్, ఐఓఎస్, విండోస్ మూడింటిలోనూ నడుస్తుంది. మూడు చోట్ల మూడు రకాల లాగర్లు చూసుకోలేక విసిగిపోయి ఉన్నాం. ఒకటే ఏపీఐ (మన కోడ్ పిలిచే ఫంక్షన్లు), ఒకటే ఫార్మాట్, మెరుపు వేగం అన్నారు. ట్రయల్‌లో వాళ్లిచ్చిన డెమో యాప్ నడిపి చూశాం. వేగం మాట నిజమే. అది ఎలా వస్తోందని మాత్రం మేం అడగలేదు.

కొన్ని నెలలకు ఒక కస్టమర్ నుంచి ఫిర్యాదు వచ్చింది, సింక్ చేస్తుంటే ఫోన్లో యాప్ మూతపడిపోతోందని. లాగ్ ఫైలు తెప్పించుకున్నాం. 10:42:07కి ‘సింక్ మొదలైంది’ అని ఉంది. దాని కింది లైను 10:45:31, ‘యాప్ ప్రారంభం’. మధ్యలో ఒక్క అక్షరం లేదు. మరో నలుగురి దగ్గర ఫైళ్లు తీసుకుంటే అవీ అంతే. ఏ క్షణం కోసం లాగ్ పెట్టుకున్నామో సరిగ్గా ఆ క్షణమే మాయం.

తవ్వితే తేలింది ఏమిటంటే, ఈ లైబ్రరీ లైన్లను మెమరీలో పోగుచేసి కొన్ని సెకన్లకోసారి ఫైల్లోకి తోస్తుంది. ఇది తప్పని అనను, అసింక్ లాగింగ్ అంటేనే అది. కానీ ఉచితంగా దొరికే ఎస్‌పీడీలాగ్ అనే లైబ్రరీలో కూడా, ఎర్రర్ స్థాయి లైను రాగానే ఫ్లష్ చెయ్యమని (అంటే వెంటనే ఫైల్లోకి తోసెయ్యమని) ఒక్క సెట్టింగ్‌తో చెప్పుకోవచ్చు. మేం కొన్నదాంట్లో ఆ వీలే లేదు. ఆండ్రాయిడ్‌లో మెమరీ చాలనప్పుడు సిస్టమ్ మన ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న యాప్‌ను, సిగ్‌కిల్ అనే సిగ్నల్‌తో చంపేస్తుంది. ఆ సిగ్నల్‌ను ఏ కోడూ పట్టుకోలేదు, కాబట్టి ‘పోయే ముందు ఫ్లష్ చేస్తాం’ అని ఎవరు చెప్పినా నమ్మకండి. టెన్సెంట్ విడుదల చేసిన ఎక్స్‌లాగ్ లాంటి లాగర్లు ఎమ్‌మ్యాప్ పద్ధతిలో (ఫైలును మెమరీకి నేరుగా జోడించి) రాస్తాయి. ప్రాసెస్ పోయినా అప్పటిదాకా రాసిన పేజీలు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగం) చేతిలో ఉంటాయి, కాబట్టి చివరి లైన్లు దొరుకుతాయి. ఈ తేడా మాకు కొన్న తర్వాత తెలిసింది.

పరీక్ష చాలా సులువు. ఒక బటన్ పెట్టి, నొక్కగానే వంద లైన్లు వరుస నంబర్లతో రాయించండి. వందో లైను పడీ పడగానే సిగ్‌కిల్ పంపండి. విండోస్‌లో అయితే టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి ఎండ్ టాస్క్ కొట్టండి. ఫైల్లో ఎన్నో నంబరు దాకా ఉందో చూడండి. మా దాంట్లో ఒకసారి 31 దగ్గర ఆగింది, ఇంకోసారి ఒక్క లైనూ లేదు. పది నిమిషాల పని. డబ్బు కట్టకముందు చేసి ఉంటే ఇదంతా తప్పేది.

రెండోది ఇంకా భయపెట్టింది. నెట్‌వర్క్ కాల్స్‌ను ఈ లైబ్రరీ తనంతట తానే లాగ్ చేస్తుంది. మంచి సదుపాయం అనుకున్నాం. ఒక కస్టమర్ ఈమెయిల్‌లో పంపిన ఫైలు తెరిస్తే ఆథరైజేషన్ హెడర్‌తో సహా లాగిన్ టోకెన్ (పాస్‌వర్డ్ లేకుండానే ఖాతాలోకి వెళ్లనిచ్చే తాళంచెవి) మొత్తం కళ్లెదుట ఉంది. గుండె ఆగినంత పనైంది. ఆ రోజే టోకెన్లన్నీ రద్దు చేసి అందరినీ మళ్లీ లాగిన్ చేయించాం. ఇలాంటివి పెద్దవాళ్లకూ తప్పలేదు. 2018 మేలో ట్విట్టర్, పాస్‌వర్డ్‌లు మాస్క్ కాకుండా తమ అంతర్గత లాగ్‌లో పడ్డాయని చెప్పి, యూజర్లందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమంది. యాపిల్ తన సిస్టమ్‌లోనే ఇచ్చే యూనిఫైడ్ లాగింగ్‌లో, యాప్ నడుస్తుండగా వచ్చే స్ట్రింగ్‌ల (అక్షరాల వరుసల) చోట మామూలుగా ‘ప్రైవేట్’ అనే కనిపిస్తుంది. ఈ లైబ్రరీ ఏం చేస్తోందంటే, సందేశమంతా ముందే ఒక స్ట్రింగ్‌గా కలిపేసి, దాన్ని పబ్లిక్ అని గుర్తుపెట్టి సిస్టమ్‌కి ఇస్తోంది. అంటే యాపిల్ ఉచితంగా ఇచ్చిన రక్షణను డబ్బు కట్టి తీయించుకున్నాం. ఇలా సిస్టమ్ లాగర్‌కు పై తొడుగులా ఉండే ఏ వ్రాపర్ కొన్నా ఈ సంగతి తప్పకుండా అడగండి.

విండోస్‌లో రొటేషన్ (పాత లాగ్ ఫైలు పేరు మార్చి కొత్తది మొదలుపెట్టడం) గొడవ కూడా ఉంది. యాప్‌ను రెండుసార్లు తెరిస్తే రెండు ప్రాసెస్‌లూ ఒకే ఫైలు పట్టుకుంటాయి, పేరు మార్చడం కుదరదు, లాగ్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. ఎర్రర్ కూడా చూపించదు.

సపోర్ట్ సంగతి చెప్పాలి. ఫ్లష్ సమస్యను వీడియో తీసి మరీ పంపాం. ‘తర్వాతి వెర్షన్‌లో పరిశీలిస్తాం’ అన్నారు, అయిదు నెలలు గడిచాయి. సోర్స్ మూసి ఉంది కనుక మేమే సరిచేసుకునే దారీ లేదు. 2021 డిసెంబర్‌లో జావాకు వాడే ఓపెన్ సోర్స్ లాగింగ్ లైబ్రరీ లాగ్‌ఫోర్‌జెలో లాగ్‌ఫోర్‌షెల్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు తీవ్రత పదికి పది. మొదటి మరమ్మతు చాలకపోయినా, ఆ నెల తిరక్కుండానే 2.15, 2.16, 2.17 వెర్షన్లు వరుసగా వచ్చాయి. ఓపెన్ సోర్స్‌లోనూ ఘోరమైన లోపాలు ఉంటాయి, కాదనను. కానీ అలాంటిదే మేం కొన్నదాంట్లో పడితే మా గతేమిటి అన్న టెన్షన్ రోజూ ఉండేది.

ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో టింబర్ అనే లాగర్, దాని కింద ఫైలుకు ఎమ్‌మ్యాప్ లాగర్, ఐఓఎస్‌లో యాపిల్ వాళ్ల లాగర్, విండోస్‌లో సెరిలాగ్ అనే లాగర్ వాడుతున్నాం. వాటి మీద మేమే రాసుకున్న చిన్న ఇంటర్‌ఫేస్ ఒకటి ఉంది, టోకెన్లను చెరిపేసే పని అందులోనే. అది మొదటి రోజే రాసుకోవాల్సింది. కోడంతటా ఆ కంపెనీ ఫంక్షన్లనే నేరుగా పిలిచాం కాబట్టి, వాటిని తీయడానికి ఇద్దరికి మూడు వారాలు పట్టింది.

రీఫండ్ అడిగితే ట్రయల్ గడువు దాటింది కాబట్టి కుదరదన్నారు. ట్రయల్ ఇంకా నడుస్తున్నవాళ్లు డెమో యాప్ పక్కన పెట్టి, ఆ వంద లైన్ల పరీక్షను మీ సొంత యాప్‌లో, మీ దగ్గరున్న అన్నిటికన్నా పాత ఫోన్ మీద ఈ రోజే చేయండి. ఎన్నో లైను దగ్గర ఆగిందో కింద రాస్తే మిగతా కొనేవాళ్లకూ ఉపయోగం.