పసుపు పొడి మీద రెండేళ్లు పోలరైజర్ ఫిల్ములు: మెరుపు పోయింది, తేమ దొరకలేదు

పసుపు పొడి రంగు, తేమ చూడడానికి మేము వాడే స్పెక్ట్రోమీటర్ (ఏ రంగు వెలుగు ఎంత తిరిగొస్తోందో గ్రాఫు గీసేది) గురించి చెప్పడానికేం లేదు, 400 నుంచి 1100 నానోమీటర్ల దాకా చూసే చిన్న మెషినే. నేను రాస్తున్నది లైటు ముందొకటి, డిటెక్టర్ ముందొకటి పెట్టే పోలరైజర్ ఫిల్ము ముక్కల గురించి, అంటే ఒకే దిశలో ఊగే వెలుగును మాత్రమే పోనిచ్చేవి. ఆ ఊగే దిశనే పోలరైజేషన్ అంటారు.

పసుపు పొడితో పనిచేసినవాళ్లకు తెలుసు, అదే శాంపిల్‌ను కప్పులో గట్టిగా నొక్కితే ఒక గ్రాఫు, వదులుగా పోస్తే ఇంకో గ్రాఫు. పైపైన తగిలి వెనక్కొచ్చే వెలుగు తన పోలరైజేషన్‌ను నిలబెట్టుకుంటుంది, పొడి లోపలికి పోయి అటూ ఇటూ చాలాసార్లు తగిలి బయటపడేది మాత్రం పోగొట్టుకుంటుంది. రెండు ఫిల్ములనూ ఒకదానికొకటి అడ్డంగా తిప్పితే పైపైన తగిలి వచ్చేది, అంటే మెరుపు, ఆగిపోతుంది. మైదుకూరు వైపు నుంచి వచ్చిన కొమ్ముల పొడి మీద మొదటిసారి అలా తిప్పినప్పుడు, పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ మింగేసే నీలం వైపు గ్రాఫు ఎంత కిందికి దిగిందంటే, ఆ రోజు వచ్చినవాళ్లందరినీ పిలిచి చూపించాను. అయితే అక్కడ మిగిలే వెలుగు బాగా తక్కువ, ఒక్కో రీడింగుకు చాలాసేపు ఆగాలి, ఆగకపోతే గ్రాఫంతా గరుకే.

అసలు బాధ తేమ దగ్గర మొదలైంది. నీళ్లు 970 నానోమీటర్ల దగ్గర, కంటికి అందని వెలుగులో కనపడతాయి కదా, ఫిల్ములను సమాంతరంగా పెట్టి తీసిన గ్రాఫులోంచి అడ్డంగా పెట్టి తీసింది తీసేస్తే లోపల ఎక్కువ తిరగని వెలుగే మిగులుతుంది, నొక్కుడు గొడవ పోతుంది అనుకున్నాను. తీసేస్తే దాదాపు సున్నా. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఈ పొడి ఆ రేంజిలో పోలరైజేషన్‌ను పూర్తిగా చెరిపేస్తోందని సార్‌కు రిపోర్టు కూడా ఇచ్చాను, మూడు నెలలు అదే నమ్మాను. ఒకరోజు అనుమానమొచ్చి రెండు ఫిల్ములూ అడ్డంగా పట్టుకుని, వెనకాల టీవీ రిమోట్ నొక్కుతూ ఫోను ముందు కెమెరాతో చూశాను. గది లైటు పూర్తిగా ఆగిపోయింది, రిమోట్ బల్బు మాత్రం మధ్యలోంచి ధగధగా వెలుగుతోంది. అది 940 దగ్గరి వెలుగు, కంటికి కనపడదు, కెమెరాకు కనపడుతుంది. అంటే ఫిల్ము అక్కడ పనే చేయట్లేదు! సాగదీసిన ప్లాస్టిక్‌లో వరుసగా కూర్చున్న అయోడిన్ కంటికి కనపడే వెలుగునే పట్టుకుంటుంది, సుమారు 800 దాటాక వదిలేస్తుంది. ప్యాకెట్ మీద ఆ ముక్క ఎక్కడా లేదు, అమ్మినవాళ్లను అడిగితే 'అందరూ ఇవే తీసుకుంటున్నారు మేడమ్' అన్నారు. ఆ మూడు నెలల పని తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

రంగు పనికి అయితే కళ్లు మూసుకుని తీసుకోండి, కడప ఎండల్లో కూడా రెండేళ్లు నిలిచాయి, కాకపోతే హాలోజన్ బల్బుకు దగ్గరగా పెట్టిన ఒకటి వంకర పోయింది. తేమకు సన్నటి లోహపు గీతలతో చేసే వైర్‌గ్రిడ్ పోలరైజర్ లాంటిది కావాలి, దాని రేటు మా బడ్జెట్‌కు అందదు. పసుపును ఓవెన్‌లో పెడితే దాని నూనె కూడా పోతుంది కాబట్టి మేము తేమను టోలుయీన్ అనే ద్రావకంలో మరిగించే పద్ధతితోనే తీస్తున్నాం. దానికి కావలసిన గాజు సెట్టు ముందే ఉంది కాబట్టి మాకు నడిచిపోయింది, అది లేనివాళ్లు కొనేముందు అమ్మేవాళ్లను 970 గురించి అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.