కంప్లైంట్ యాప్ కొనబోతున్న మున్సిపాలిటీలకు: సంతకం పెట్టే ముందు ఇది చదవండి

కంపెనీ పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. ఏ సదస్సుకి వెళ్లినా ఎంట్రన్స్ పక్కన స్టాల్ వాళ్లదే, 'స్మార్ట్' అనకుండా ఒక్క వాక్యం మాట్లాడలేరు, మీలో సగం మంది వాళ్ల డెమో చూసే ఉంటారు. వీధిదీపాలు, చెత్త, డ్రైనేజీ మీద జనం ఫోన్లోంచే ఫోటో తీసి కంప్లైంట్ పెట్టే యాప్ మా మున్సిపాలిటీకి వాళ్ల దగ్గరే తీసుకున్నాం. నడిచినన్నాళ్లూ బాగానే నడిచింది, కాదనను. ఈసారి రేటు అడ్డగోలుగా పెంచారు కాబట్టి రెన్యువల్ వద్దని చెప్పాం, అక్కడ మొదలైంది.

మాతో మాట్లాడే కంపెనీ ప్రతినిధి అప్పటిదాకా అర్ధరాత్రి మెసేజ్ పెట్టినా "చెప్పండి సార్" అనే మనిషే. ఆఖరి మీటింగ్‌లో ల్యాప్‌టాప్ మీంచి తల కూడా ఎత్తలేదు. మా కంప్లైంట్ల డేటా మొత్తం మాకు ఇచ్చేయండి, వేరే సిస్టమ్‌లోకి ఎక్కించుకుంటాం అని కమిషనర్ గారే స్వయంగా అడిగారు. దానికి ఆ ప్రతినిధి నవ్వుతూ "డేటా మీదే సార్, ఎవరు కాదన్నారు? ఫార్మాట్ మాది" అన్నాడు. గదిలో ఒక్కరికీ నోట మాట రాలేదు. డేటా బయటికి తీసిచ్చే ఎక్స్‌పోర్ట్ మాడ్యూల్ అని వేరే ఉంటుందట, అది మేం కొనలేదట, ఇప్పుడు కావాలంటే కొత్త కొటేషన్ పంపిస్తాడట! మా ఊరి జనం, మా మురుగు కాల్వలు, మా సిబ్బంది ఎండలో నిలబడి తీసిన ఫోటోలు, వాటిని మాకే అమ్ముతాడట. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

గట్టిగా లెటర్ రాస్తే చివరికి ఇచ్చారు. ఏమిచ్చారు? పీడీఎఫ్‌లు. నెలకో పీడీఎఫ్, అందులో ఫోటోలు గోరంత. మ్యాప్ మీద కంప్లైంట్ ఎక్కడిదో చెప్పే అక్షాంశ రేఖాంశాలు లేవు. ఎప్పుడు ఓపెన్ అయింది, ఎప్పుడు క్లోజ్ చేశారు అన్న టైమ్ లేదు, ఉత్త తేదీలే. బయటివాళ్లకి ఇది చిన్న విషయం అనిపించొచ్చు, ఈ పని చేసేవాళ్లకి తెలుసు. ఫోన్లో కనిపించే బటన్ ఎవడైనా చేసిస్తాడు, అసలు సరుకు పాత రికార్డే. ఒకే మ్యాన్‌హోల్ వాన పడ్డప్పుడల్లా పొంగుతోందని తేలేది దాంతోనే, దీపం మార్చడానికి కాంట్రాక్టర్ ఎన్ని గంటలు తీసుకున్నాడో లెక్కేసి బిల్లులో కోత పెట్టేదీ దాంతోనే. పీడీఎఫ్‌లోంచి ఆ లెక్క తీయాలంటే మనుషుల్ని కూర్చోబెట్టి మళ్లీ టైప్ చేయించాలి. డిజిటల్ పాలన అంటే ఇదే కాబోలు.

ఇంకా కడుపు మండేది ఏమిటంటే దీనికి దారి ఎప్పుడో ఉంది. ఓపెన్311 అని ఒక ప్రమాణం ఉంది, కంప్లైంట్ నంబర్, రకం, స్టేటస్, సమయం, స్థలం ఏ పేర్లతో ఏ రూపంలో ఇచ్చిపుచ్చుకోవాలో అందులో రాసి ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో, బోస్టన్, షికాగో లాంటి నగరాలు ఎప్పుడో తీసుకున్నాయి. బ్రిటన్‌లో ఇలాంటి కంప్లైంట్లకే పెట్టిన ఫిక్స్‌మైస్ట్రీట్ అనే సైట్ 2007 నుంచి నడుస్తోంది, దాని కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. మాకు యాప్ అమ్మినవాళ్ల బ్రోచర్‌లోనూ ఓపెన్311 లోగో రంగుల్లో మెరుస్తూ ఉంది, కాంట్రాక్ట్‌లో మాత్రం ఎక్కడా లేదు. బ్రోచర్ చూసి కాంట్రాక్ట్ చదివేశాం అనుకున్న మహానుభావులం మేము.

మా ఆఫీసులో ఒకాయన ఓదార్చాడు. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్ జమాఖర్చులు చూసే ఒరాకిల్ కంపెనీ సిస్టమ్‌కి మారడానికి మొదట 19 మిలియన్ పౌండ్లు అనుకుందట, ఖర్చు 100 మిలియన్లు దాటింది, 2022 ఏప్రిల్‌లో మొదలుపెట్టాక సొంత లెక్కలే తేలక అవస్థ పడ్డారు, దాని ముందు మనదెంత అన్నాడు. నిజమే, చాలా హాయిగా అనిపించింది!

అంతటితో అయిపోయిందా అంటే, లేదు. ప్లేస్టోర్‌లో యాప్ ఉన్నది కంపెనీ అకౌంట్‌లో, మా అకౌంట్‌లో కాదు. కాంట్రాక్ట్ ముగిసిన మర్నాడే యాప్ తెరిచిన ప్రతి ఒక్కరికీ "ఈ సేవ నిలిపివేయబడింది, మీ మున్సిపాలిటీని సంప్రదించండి" అని కనిపించింది. జనం మమ్మల్నే తిట్టారు, ఎందుకు తిట్టరు, తెర మీద ఉన్నది మా ముద్రే కదా. కొత్త యాప్ వచ్చింది, దించుకోండి అని పాత యాప్‌లోనే ఒక్క లైన్ పెట్టమని బతిమాలాం, అదీ పెట్టలేదు.

కొనేవాళ్లు కనీసం ఇవి చూసుకోండి. డెమోలో స్లైడ్లు ఆపించి, ఫోటోలు, లొకేషన్‌తో సహా మొత్తం సీఎస్‌వీగా, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైల్‌గా, దించి చూపించమనండి, ఆ ఫైల్ మీ సిస్టమ్‌లో తెరిచి చూడండి, తప్పించుకుంటే లేచి వచ్చేయండి. వెళ్లిపోయేటప్పుడు డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో, అదనపు డబ్బు లేకుండా ఇవ్వాలో కాంట్రాక్ట్‌లోనే రాయించండి, చివరి వాయిదా దానికి ముడిపెట్టండి. ఇప్పటికే కొనేసినవాళ్లు యాప్ అకౌంట్, వెబ్‌సైట్ డొమైన్, జనానికి వెళ్లే ఎస్ఎంఎస్‌ల మీద పంపినవాళ్ల పేరుగా కనిపించే సెండర్ ఐడీ ఎవరి పేరు మీద ఉన్నాయో ఈరోజే కనుక్కోండి, రెన్యువల్ మాట ఎత్తకముందే మార్పించుకోండి, ఎత్తాక వాళ్లు ఫోన్ తీయరు.