కిడ్నీ రాయి: వీపు నుంచి తీయించాలా, మూత్రం దారిలోంచా? రక్తస్రావం భయం ఉన్నవాళ్లకు ఏది మేలు?

మా బాబాయికి వీపు నుంచి కిడ్నీ రాయి తీసే పీసీఎన్‌ఎల్ చేసి ఇంటికి పంపిన పదో రోజున మూత్రం ఒక్కసారిగా ఎర్రగా వచ్చింది. గడ్డలు కూడా పడ్డాయి. "అంతా బాగా జరిగిందన్నారు కదరా" అంటూ పిన్ని ఒకటే టెన్షన్. అప్పటి నుంచి పీసీఎన్‌ఎల్ మంచిదా, మూత్రం దారిలోంచి తీసే ఆర్‌ఐఆర్‌ఎస్ మంచిదా అని ఎవరడిగినా ముందు రక్తం సంగతే చెప్తున్నాను.

పీసీఎన్‌ఎల్‌లో వీపు పక్క నుంచి కిడ్నీలోకి సూది గుచ్చి, ఆ దారిని వెడల్పు చేసి, రాయిని పగలగొట్టి తీస్తారు. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది కాబట్టి కొంత రక్తం పోక తప్పదు. చాలామందికి అది దానంతటదే ఆగుతుంది, కొద్దిమందికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది మాత్రం ఆలస్యంగా వచ్చేదాన్ని. లోపల దెబ్బతిన్న ధమని బుడగలా ఉబ్బి, వారం రెండు వారాల తర్వాత కూడా పగలొచ్చు. అలాంటప్పుడు తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, రక్తం కారుతున్న ఆ ఒక్క కొమ్మనే మూసేస్తారు. బాబాయికీ అదే చేశారు. కిడ్నీ దక్కింది.

ఆర్‌ఐఆర్‌ఎస్‌లో కోత లేదు, గుచ్చేది లేదు. మూత్రం వచ్చే దారిలోంచే వంగే స్కోప్ పంపి, లేజర్‌తో రాయిని పొడి చేస్తారు. రక్తం ఎక్కించాల్సి రావడం చాలా అరుదు. మూత్రం సాఫీగా దిగడానికి లోపల పెట్టే సన్నని గొట్టం (స్టెంట్) ఉన్నన్నాళ్లూ మూత్రం కాస్త గులాబీ రంగులో రావచ్చు, దానికి కంగారు అక్కర్లేదు.

అలాగని అందరికీ ఆర్‌ఐఆర్‌ఎస్సే అనను. రాయి రెండు సెంటీమీటర్లు దాటితే, కొమ్ముల్లా పాకితే, రెండు మూడు సార్లు మత్తు ఇచ్చి చేయాల్సి రావచ్చు. ఎక్కువసేపు పడితే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకే ముప్పూ ఉంది. అలాంటి రాయికి పీసీఎన్‌ఎల్లే నయం. వీలైతే సన్నని దారితో చేసే మినీ పీసీఎన్‌ఎల్ గురించి అడగండి, అందులో రక్తం తక్కువ పోతుంది. రాయి చిన్నదై, గుండె జబ్బు వల్ల రక్తం పలచబరిచే మందులు ఆపలేనివాళ్లకైతే నా ఓటు ఆర్‌ఐఆర్‌ఎస్‌కే. ఆ మందులు సొంతంగా మాత్రం ఆపకండి, గుండె డాక్టర్ చెప్పాలి.

బయటి నుంచి షాక్ తరంగాలతో పగలగొట్టే పద్ధతిలోనూ కిడ్నీ చుట్టూ రక్తం చేరవచ్చు. రక్తం సరిగా గడ్డకట్టనివాళ్లకు అది చేయరు.

పీసీఎన్‌ఎల్‌కే వెళ్తుంటే, రక్తనాళం మూసే సౌకర్యం ఆ ఆసుపత్రిలోనే ఉందో లేదో ముందే అడగండి. మాకు ఆ సంగతి తెలియక, గడ్డలు పడుతున్న మనిషిని అర్ధరాత్రి కారులో ఇంకో ఊరికి తీసుకెళ్లాం.