ఎండుటాకుల బొగ్గు బిళ్ళలు చేసే చేతి ప్రెస్సు: ఆరు నెలలు వాడాక

మా పెరట్లో రెండు మామిడి చెట్లు, ఒక పనస. రోజూ తట్టెడు ఆకులు రాలతాయి. ఊరికే తగలబెడితే పొగే మిగిలేది, అందుకే ఈ ప్రెస్సు కొన్నాను.

ముందు ఎండుటాకుల్ని మూత ఉన్న డ్రమ్ములో, గాలి సరిగా ఆడకుండా కాల్చాలి. పొగ పెట్టేదంతా అక్కడే పోయి బొగ్గు మిగులుతుంది. దాన్ని పొడి చేసి, చిక్కటి గంజి కలిపి, అచ్చులో కూరి పిడి నొక్కితే నల్లటి బిళ్ళ, నడిమధ్య చిల్లుతో. ఆ చిల్లులోంచి గాలి ఆడి నిలకడగా మండుతుంది. గంజి ఎక్కువైతే అచ్చుకి అతుక్కుపోతుంది. బాగా ఎండనివ్వాలి, తొందరపడితే మళ్ళీ పొగే.

స్నానాలకు నీళ్ళు ఇప్పుడు వీటి మీదే కాగుతున్నాయి. కాగు అడుగున మసి చాలా తగ్గింది.

పిడి బోల్టు రెండో నెలకే అరిగింది, అమ్మినవాళ్ళు ఫోనెత్తలేదు. ఊళ్ళో వెల్డింగ్ షాపులో మార్పించాను. అయినా కొనమనే చెబుతాను. తలుపులేసిన గదిలో మాత్రం వెలిగించకండి, బొగ్గు గాలి ప్రాణాల మీదికి తెస్తుంది.